మార్ ఎర్ల్ బిరుదు, కూతుళ్ల వారసత్వం: బ్రిటన్ పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కామన్స్ సభ, లార్డ్స్ సభ సభ్యులకు నమస్కారం.

కృష్ణా జిల్లాలో నూజివీడు పక్కన పుట్టి, ఉద్యోగరీత్యా అబర్డీన్‌లో స్థిరపడిన తెలుగు స్త్రీని నేను. కామన్వెల్త్ దేశపు పౌరురాలిగా ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో నాకు ఓటు ఉంది కనుక, మీకు ఒక విన్నపం చేసుకునే అర్హత ఉందని భావిస్తున్నాను. ఈ లేఖను తెలుగులో రాయడానికి కారణం ఉంది. స్కాట్లండ్‌లో ఉంటున్న తెలుగువారు దీన్ని చదివి, సబబుగా ఉందనిపిస్తే తమ తమ నియోజకవర్గాల సభ్యులకు చెబుతారని నా ఆశ. విన్నపం స్కాట్లండ్ వంశపారంపర్య బిరుదుల గురించి. ఒక బిరుదును మొదట ఇచ్చిన సనదు, అంటే రాజు రాసిచ్చిన అధికార పత్రం, దొరకనప్పుడు అది మగ సంతతికే చెందుతుందని ముందే ఊహించుకునే సూత్రం ఇంకా చెల్లుబాటులో ఉంది. ఆ సూత్రాన్ని చట్టం ద్వారా తొలగించాలని కోరుతున్నాను. ఎందుకు కోరుతున్నానో చెప్పడానికి మార్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభువు హోదా) బిరుదు చరిత్రను మించిన సాక్ష్యం నాకు కనిపించలేదు.

మార్ అనేది అబర్డీన్‌కు పడమరగా, డాన్, డీ నదుల మధ్య విస్తరించిన సీమ. ఇంగ్లీషు వారి ఎర్ల్ అనే మాట ఇక్కడికి రాకముందు ఆ సీమను ఏలినవారిని గేలిక్ భాషలో మోర్మేర్ అనేవారు. 1014లో ఐర్లండ్‌లోని క్లోంటార్ఫ్ యుద్ధంలో ఐరిష్ రాజు బ్రియన్ బోరు పక్షాన పోరాడి మరణించిన వారిలో మార్ మోర్మేర్ డోమ్‌నల్ ఒకడు. అంటే ఈ హోదాకు వెయ్యేళ్లకు పైబడిన ఆనవాలు ఉందన్నమాట. దాన్ని మొదట ఎవరు ఇచ్చారో, ఏ పత్రం మీద ఇచ్చారో చెప్పే ఆధారం లేదు, ఉండే అవకాశమూ లేదు. రాజులు పత్రాలు రాసి బిరుదులు ఇచ్చే కాలం కన్నా అది పాతది. ఈ ఒక్క విషయాన్ని మనసులో పెట్టుకుంటే తరువాత జరిగిన అన్యాయం ఎంతటిదో అర్థమవుతుంది.

మార్ ఎర్ల్‌ల కోట కిల్‌డ్రమ్మీ. ఇప్పుడు శిథిలమే అయినా ద్వారపు బురుజుల మొదళ్లు, గుడి గోడలోని మూడు సన్నని కిటికీలు నిలిచే ఉన్నాయి. స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ మొదటి భార్య ఇసబెల్లా ఈ మార్ ఎర్ల్‌ల ఆడపడుచు. ఆమెకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు మార్జరీ. ఆ మార్జరీ కొడుకే 1371లో రెండో రాబర్ట్‌గా కిరీటం ధరించి స్టువర్ట్ వంశానికి మూలపురుషుడయ్యాడు. స్టువర్ట్ రాజులు సింహాసనం ఎక్కింది ఒక ఆడబిడ్డ ద్వారా, అదీ మార్ ఆడపడుచు కడుపున పుట్టిన బిడ్డ ద్వారా. దేశాన్నే దౌహిత్రుడు ఏలవచ్చని ఒప్పుకున్న నేల మీద, ఒక ఎర్ల్ బిరుదు దౌహిత్ర సంతతికి రాకూడదని తరువాతి కాలపు న్యాయమూర్తులు ఎలా ఊహించగలిగారో నాకు ఎంత చదివినా బోధపడలేదు.

పద్నాలుగో శతాబ్దం చివరలో ఈ బిరుదు వరసగా ఇద్దరు స్త్రీలకు వచ్చింది. థామస్ ఎర్ల్ సంతానం లేకుండా చనిపోగా అతని చెల్లెలు మార్గరెట్ వారసురాలైంది. ఆమె కొడుకు, డగ్లస్ ఎర్ల్ జేమ్స్, 1388లో ఒటర్‌బర్న్ యుద్ధంలో మరణించాడు. దాంతో మార్ హోదా ఆమె కూతురు ఇసబెల్‌కు దక్కింది. ఇసబెల్ భర్త సర్ మాల్కమ్ డ్రమండ్‌ను కొందరు పట్టుకుపోయి బంధించగా, 1402 ప్రాంతంలో అతను ఆ చెరలోనే ప్రాణం విడిచాడు. బిడ్డలు లేని వితంతువు, చేతిలో పెద్ద సీమ, చుట్టూ కత్తులు పట్టిన మగవాళ్లు. ఆ పరిస్థితిలో రెండో రాబర్ట్ రాజుకు మనవడు, బాడెనాక్ తోడేలుగా పేరుపడ్డ బకన్ ఎర్ల్‌కు పెళ్లికాని సంబంధంలో పుట్టిన కొడుకు అయిన అలెగ్జాండర్ స్టువర్ట్ కిల్‌డ్రమ్మీ కోటను ఆక్రమించుకున్నాడు.

1404 ఆగస్టు 12న ఇసబెల్ పేరిట ఒక పత్రం పుట్టింది. తాను అలెగ్జాండర్‌ను పెళ్లాడుతున్నట్టు, తమకు బిడ్డలు కలగకపోతే మార్ అంతా అతని వారసులకే పోయేటట్టు అందులో ఉంది. అంటే తన నెత్తురు సంబంధీకులందరినీ ఆమె ఒక్క సంతకంతో తుడిచిపెట్టిందన్నమాట. రాజు దాన్ని ధ్రువీకరించలేదు. అప్పుడు సెప్టెంబరు 9న కోట గుమ్మం ముందు మరో దృశ్యం నడిచింది. రాస్ బిషప్‌తో సహా పెద్దలూ, ఆ భూముల రైతులూ చూస్తుండగా అలెగ్జాండర్ కోట తాళాలను ఇసబెల్ చేతికిచ్చి, సామానూ పత్రాలూ అన్నీ అప్పగించి, ఆమె ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చన్నాడు. తాళాలు చేతబట్టుకొని ఆమె అతన్ని స్వేచ్ఛగా భర్తగా ఎంచుకున్నట్టు ప్రకటించింది. డిసెంబరులో రాసిన కొత్త పత్రంలో మాత్రం ఒక తేడా ఉంది. తమకు సంతానం లేకపోతే ఎర్ల్ హోదా ఇసబెల్ వారసులకే తిరిగి రావాలని అందులో రాశారు. 1405 జనవరిలో రాజు ఆ పత్రాన్నే ధ్రువీకరించాడు.

ఆ గుమ్మం ముందు ఆమె నిజంగా స్వేచ్ఛగా మాట్లాడిందా అన్న ప్రశ్నకు ఈనాడు ఎవరూ జవాబు చెప్పలేరు. నేను ఆ శిథిల ద్వారం దగ్గర నిలబడినప్పుడల్లా ఆలోచించేది ఆమె సాధించిన ఆ ఒక్క సవరణ గురించే. భర్తను ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకు ఎంత మిగిలిందో తెలియదు కాని, తన తరువాత తన వాళ్లకే హక్కు దక్కాలన్న పట్టు మాత్రం పత్రంలో నిలబడింది. 1408లో ఆమె కన్నుమూసింది. ఆమె సాధించిన ఆ వాక్యం కోసమే తరువాతి నాలుగున్నర శతాబ్దాల వ్యాజ్యాలు నడిచాయి.

అలెగ్జాండర్ 1411లో హార్లా యుద్ధంలో సేనాని అయ్యాడు, పేరు తెచ్చుకున్నాడు. 1426లో మొదటి జేమ్స్ రాజుతో ఒప్పందం చేసుకొని, తనకూ తన కొడుకుకూ తరువాత మార్ అంతా రాజుకే చెందేటట్టు కొత్త పత్రం పుట్టించుకున్నాడు. భార్య హక్కుగా తనకు వచ్చిన దాన్ని ఆమె వారసులను అడక్కుండా రాజుకు రాసిచ్చే అధికారం అతనికి ఎక్కడిది? ఆ ప్రశ్న అడిగినవాడు ఇసబెల్ వంశానికి ఆడబిడ్డల వరసలో వారసుడైన రాబర్ట్ ఎర్స్‌కిన్. అలెగ్జాండర్ 1435లో మరణించాక ఎర్స్‌కిన్ 1438లో తన వారసత్వాన్ని చట్టప్రకారం రుజువు చేసుకున్నాడు, మార్ ఎర్ల్‌నని చెప్పుకున్నాడు. అయినా 1457లో రెండో జేమ్స్ రాజు ఎదుటనే అబర్డీన్‌లో జరిగిన విచారణలో ఆ రుజువును కొట్టివేశారు. ఫలితం వల్ల లాభపడే రాజే విచారణ పీఠం పక్కన కూర్చున్న తీర్పు అది. ఆ తరువాత నూరేళ్లకు పైగా మార్ పేరును రాజులు తమ తమ్ముళ్లకూ, బిడ్డలకూ, తోచిన వారికీ ఇస్తూ వచ్చారు.

1565లో స్కాట్లండ్ రాణి మేరీ ఆ తప్పును దిద్దింది. జాన్ ఎర్స్‌కిన్ ఇసబెల్‌కు వారసుడని, పూర్వపు రాజులు అతని పూర్వికులకు హక్కు లేకుండా చేశారని ఒప్పుకుంటూ జూన్ 23న పత్రం ఇచ్చి మార్ భూములను అతనికీ అతని వారసులకూ తిరిగి అప్పగించింది. ఆ పత్రంలో మగ వారసులకే అన్న షరతు లేదు. అతన్ని అప్పటి నుంచి మార్ ఎర్ల్ అనే పిలిచారు. అతనే 1571లో బాలరాజు ఆరో జేమ్స్ తరఫున దేశానికి రీజెంట్, అంటే రాజప్రతినిధి, అయి మరుసటి ఏడు మరణించాడు. 1606లో స్కాట్లండ్ ప్రభువుల హోదాలకు వరసక్రమం నిర్ణయించినప్పుడు మార్ ఎర్ల్ చూపిన 1404 నాటి పత్రాలను అంగీకరించి, 1565 నాటి కొత్తవాడిగా కాకుండా పాత ఎర్ల్‌ల మధ్య స్థానం ఇచ్చారు. 1626లో స్కాట్లండ్ ఉన్నత సివిల్ న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ సెషన్ కూడా ఎర్స్‌కిన్‌ల పక్షాన తీర్పు చెప్పింది, కిల్‌డ్రమ్మీ తిరిగి వారి చేతికి వచ్చింది. స్కాట్లండ్ న్యాయస్థానాలు, స్కాట్లండ్ ప్రభువులు, స్కాట్లండ్ రాణి అందరూ ఒకే మాట చెప్పారు: ఇది పాత బిరుదు, ఇసబెల్ బిరుదు.

1715లో కథ వేరే మలుపు తిరిగింది. అప్పటి ఎర్ల్ జాన్ ఎర్స్‌కిన్ 1707లో స్కాట్లండ్, ఇంగ్లండ్‌ల విలీనాన్ని సమర్థించినవాడు, మంత్రిగా పనిచేసినవాడు. మొదటి జార్జ్ రాజు పదవి నుంచి తొలగించాక అతను ఉత్తరానికి వచ్చి సెప్టెంబరులో బ్రేమార్‌లో, సింహాసనం కోల్పోయిన స్టువర్ట్ వంశం తరఫున తిరుగుబాటు పతాకం ఎగరేశాడు. నవంబరు 13న షెరిఫ్‌మూర్ యుద్ధంలో తనదే పెద్ద సేన అయినా గెలుపును చేజిక్కించుకోలేకపోయాడు. 1716లో పార్లమెంటు అతని బిరుదును రద్దు చేసింది. విదేశాల్లోనే 1732లో మరణించాడు. కిల్‌డ్రమ్మీ కోట శిథిలమైంది కూడా ఆ తిరుగుబాటు తరువాతనే. నా విన్నపానికి ఇందులో ముఖ్యమైనది ఆ తరువాతి ఘట్టం. 1824లో పార్లమెంటు ఆ బిరుదును పునరుద్ధరించినప్పుడు ఎనభై దాటిన జాన్ ఫ్రాన్సిస్ ఎర్స్‌కిన్‌ను తిరుగుబాటు చేసిన ఎర్ల్‌కు మనవడిగా, వంశ ప్రతినిధిగా పేర్కొంది. అతను మనవడైంది తల్లి ద్వారా. ఆమె లేడీ ఫ్రాన్సెస్, ఆ ఎర్ల్ కూతురు. అతని తండ్రి కూడా ఎర్స్‌కిన్‌ల దాయాదే అయినా, చట్టం ఎంచుకున్న మాట మాత్రం తల్లి వరసను చెప్పే మనవడు అన్నదే. మీ పార్లమెంటే కూతురి కొడుకును వారసుడని రాసిందని మనవి చేస్తున్నాను.

1866 జూన్‌లో ఆ జాన్ ఫ్రాన్సిస్ ఎర్స్‌కిన్ మనవడైన ఎర్ల్ సంతానం లేకుండా చనిపోయాడు. మార్‌తో పాటు కెల్లీ అనే మరో ఎర్ల్ హోదా కూడా అతనికి ఉండేది. కెల్లీ మగ సంతతికే చెందినది కాబట్టి అది అతని పినతండ్రి కొడుకు వాల్టర్ కోనింగ్స్‌బీ ఎర్స్‌కిన్‌కు పోయింది. అందులో ఎవరికీ వివాదం లేదు. మార్ మాత్రం అక్కచెల్లెళ్ల వరసలో మేనల్లుడు జాన్ ఫ్రాన్సిస్ గుడీవ్‌కు వచ్చిందని అంతా అనుకున్నారు. తల్లి ఇంటిపేరును కలుపుకొని అతను గుడీవ్-ఎర్స్‌కిన్ అయ్యాడు. మరుసటి ఏడు కెల్లీ ఎర్ల్ మార్ కూడా తనదేనని అర్జీ పెట్టాడు. అతను చనిపోయాక కొడుకు దాన్ని కొనసాగించాడు. 1875 ఫిబ్రవరి 25న లార్డ్స్ సభ ప్రత్యేక హక్కుల కమిటీ కెల్లీ పక్షాన తీర్పు చెప్పింది.

ఆ తీర్పులోని తర్కాన్ని మీరు ఓపికగా పరిశీలించాలని కోరుతున్నాను. పాత మార్ హోదా పదిహేనో శతాబ్దంలోనే అంతరించిందని కమిటీ అన్నది. జూన్ 23 నాటి మేరీ పత్రం భూములకు సంబంధించినదే తప్ప బిరుదుకు కాదన్నది. కాబట్టి ఆమె ఆ వేసవిలో బిరుదును విడిగా కొత్తగా సృష్టించి ఉండాలన్నది. ఆ సృష్టికి సనదు లేదు. ఎవరూ చూడలేదు, ఏ నకలూ లేదు. సనదు లేదు కాబట్టి మగ సంతతికే ఇచ్చి ఉంటుందని ఊహించాలన్నది. లేని పత్రం ఒకటి ఉండేదని అనుకోవడం మొదటి ఊహ, ఆ లేని పత్రంలో కూతుళ్లకు చోటు లేదని అనుకోవడం రెండో ఊహ. ఒక రాణి, తానే తండ్రి నుంచి కిరీటం అందుకున్న కూతురు, ఒక వారసురాలి హక్కును పునరుద్ధరిస్తూ కూతుళ్లను మినహాయించి ఉంటుందన్నది ఆ ఊహల సారాంశం.

స్కాట్లండ్‌లో దీనిపై తీవ్రమైన నిరసన వచ్చింది. ఎడిన్‌బరోలోని హోలీరూడ్‌లో స్కాటిష్ ప్రభువులు లార్డ్స్ సభకు తమ ప్రతినిధులను ఎన్నుకునే సమావేశాల్లో పాత జాబితాలో పాత స్థానంలోనే మార్ పేరు చదువుతూ వచ్చారు. 1707 విలీనం నాటి స్కాటిష్ ప్రభువుల జాబితాలో ఉన్న మార్ ఒక్కటే, అది పాతదే, 1565 నాటిదంటూ మరొకటి అందులో లేదు. క్రాఫర్డ్ ఎర్ల్ అలెగ్జాండర్ లిండ్సే ఈ తీర్పును ఖండించడానికే రెండు సంపుటాల గ్రంథం రాశాడు. చివరికి 1885 ఆగస్టులో పార్లమెంటు మార్ ఎర్ల్ హోదా పునరుద్ధరణ చట్టం చేసింది. పాత హోదా అంతరించిందా లేదా అన్న సందేహాలున్నాయి కాబట్టి దాన్ని గుడీవ్-ఎర్స్‌కిన్‌కూ, అతని వారసులకూ ఇసబెల్ అనుభవించిన హక్కులతో సహా అప్పగిస్తున్నామని అందులో ప్రకటించింది. లార్డ్స్ కమిటీ తీర్పును మాత్రం రద్దు చేయలేదు. అందువల్లనే ఈనాటికీ ఇద్దరు మార్‌లు ఉన్నారు. ఒకటి కూతుళ్లకు కూడా వచ్చే పాత మార్, మరొకటి కెల్లీతో కలిసి మగ సంతతికే పోయే 1565 నాటి మార్.

ఒక కుటుంబానికి న్యాయం దక్కింది. సూత్రం మాత్రం అలాగే మిగిలింది. సనదు దొరకని స్కాటిష్ బిరుదు మగ సంతతికి చెందుతుందన్న ఊహను 1762లో కాసిలిస్ ఎర్ల్ వివాదంలో న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ స్థిరపరిచాడు. అప్పుడు కూతురి వరసలో వచ్చిన అర్జీదారు ఓడిపోయాడు. అదే మాన్స్‌ఫీల్డ్ కాలంలోనే 1771లో సదర్లండ్ ఎర్ల్ హోదా ఆరేళ్లైనా నిండని ఎలిజబెత్ అనే పాపకు దక్కింది. ఆ కుటుంబంలో రెండున్నర శతాబ్దాల ముందు ఒక స్త్రీ ఆ హోదాను అనుభవించినట్టు రుజువు దొరికింది కాబట్టి ఆ ఊహ వీగిపోయింది. అంటే పాతకాలంలో ఎప్పుడో ఒక తరంలో అన్నదమ్ములు లేక కూతురు వారసురాలు కావడం, ఆ సంగతి రాతలో మిగలడం అన్న రెండు యాదృచ్ఛిక సంఘటనల మీద ఈనాటి కూతురి హక్కు ఆధారపడుతోంది. ప్రతి తరంలోనూ కొడుకులు పుట్టిన కుటుంబంలో కూతురికి హక్కు లేదని ఎవరూ ఏనాడూ నిర్ణయించనక్కరలేదు. హక్కు ఉన్నట్టు చూపించే సందర్భం రాకపోవడమే ఆమెకు వ్యతిరేక సాక్ష్యమవుతుంది.

ఇది మా ఊరి చరిత్రకు పరాయి విషయం కాదు. తెలుగు జమీందారీల వారసత్వ వ్యాజ్యాలు ఆ రోజుల్లో వలస దేశాలకు చివరి అప్పీలు పీఠమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లేవి. మార్ తీర్పు వచ్చిన కొద్ది ఏళ్లకే నూజివీడు జమీందారీ వ్యాజ్యం కూడా అక్కడ తేలింది. కుంఫిణీ ప్రభుత్వం పాత జమీందారీని తీసేసుకొని 1802లో తిరిగి సనదులు ఇచ్చినప్పుడు, అది పాత సంస్థానానికి కొనసాగింపా, కొత్త సృష్టా అన్నదే అక్కడా ప్రశ్న. కొత్తదేనని, పాత ఆచారం దానికి అంటదని, అన్నదమ్ములు పంచుకోదగ్గదేనని తీర్పు వచ్చింది. నూజివీడులో కనీసం 1802 సనదులు చేతిలో ఉన్నాయి, వాటిని చదివి అర్థం చెప్పారు. మార్ విషయంలో చదవడానికి ఏమీ లేదు. రాజ్యం తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చినప్పుడు అది పాతదా కొత్తదా అని తేల్చే న్యాయమూర్తి చేతిలో ఎన్ని తరాల భవిష్యత్తు ఉంటుందో నూజివీడు వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు మరింత ప్రాధాన్యం వచ్చింది. లార్డ్స్ సభలో వంశపారంపర్య సభ్యుల స్థానాలను తొలగించే బిల్లును 2024 సెప్టెంబరులో కామన్స్ సభలో ప్రవేశపెట్టినప్పుడు, బిరుదుల వారసత్వ వివాదాలను విచారించే అధికారాన్ని కూడా లార్డ్స్ సభ నుంచి తప్పించే నిబంధన అందులో ఉంది. అలాంటి వివాదాలు ఇకపై ప్రివీ కౌన్సిల్ న్యాయ కమిటీకి వెళ్లాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. సభలో స్థానం పోతుంది, బిరుదు పోదు. న్యాయపీఠం మారుతుంది, పాత తీర్పులు, వాటిలోని ఊహలు అలాగే ఉంటాయి. న్యాయస్థానం తనంతట తాను 1762 నాటి సూత్రాన్ని పక్కన పెడుతుందని ఆశించడం కష్టం. పార్లమెంటు చెబితే తప్ప అది కదలదు.

బిరుదులే వద్దని, ఉన్నవాటిని సరిదిద్దడం వృథా అని మీలో చాలామంది అనవచ్చు. ఆ వాదన మీద నాకు గౌరవం ఉంది. సదర్లండ్ హోదా పొందిన ఆ పాపే పెద్దయ్యాక, ఆమె, ఆమె భర్త ఆధ్వర్యంలో వేలాది రైతు కుటుంబాలను లోయల నుంచి వెళ్లగొట్టి గొర్రెలను మేపారు. స్త్రీ వారసురాలు అయినంత మాత్రాన ఏలుబడి దయగలది అవుతుందని నేను చెప్పను. నా వాదన దయ గురించి కాదు. రద్దు చేసేదాకా ఈ బిరుదులు చట్టంలో భాగాలే. 2004 రాజశాసనం ప్రకారం ప్రభుత్వం ప్రభువుల అధికారిక జాబితాను నిర్వహిస్తోంది, వారసుడు తన హక్కు రుజువు చేసుకుంటేనే అందులో పేరు ఎక్కుతుంది. ఆ జాబితా రాసే ప్రభుత్వమే, కాగితం దొరకకపోతే కూతురు వారసురాలు కాదని ఊహిస్తోంది. రాచరికం విషయంలో ఇదే పార్లమెంటు 2013లో చట్టం చేసి, 2011 అక్టోబరు 28 తరువాత పుట్టినవారిలో తమ్ముడు అక్కను దాటిపోకుండా చూసింది. అదే ఏడు బిరుదుల విషయంలోనూ ఒక బిల్లు లార్డ్స్ సభకు వచ్చింది కాని చట్టం కాలేదు.

కూతుళ్లకు తలుపు తెరిచి ఉంచిన బిరుదు ఏం చేయగలదో కూడా మార్ చరిత్రే చూపించింది. 1963 పీరేజ్ చట్టం వచ్చేదాకా సొంత హక్కుతో బిరుదు పొందిన స్త్రీకి లార్డ్స్ సభలో చోటు లేదు. ఆ చట్టం వచ్చాక, 1975లో తండ్రి నుంచి హోదా పొందిన మార్గరెట్, మార్ కౌంటెస్ (ఎర్ల్ హోదా గల స్త్రీ), 2020 దాకా ఆ సభలో కూర్చుంది. 1999లో వంశపారంపర్య సభ్యుల్లో 92 మందినే ఉంచినప్పుడు ఎన్నికై నిలిచింది, ఉపసభాధ్యక్షురాలిగా పనిచేసింది. ఆమె పాడి మేకలు పెంచి జున్ను చేసిన రైతు. 1989లో గొర్రెలను మందు నీటిలో ముంచే పనిలో ఆర్గానోఫాస్ఫేట్ అనే పురుగుమందు విషం సోకి ఆరోగ్యం పాడైన తరువాత, ఆ మందుల వల్ల బాధపడ్డ రైతుల తరఫున ఏళ్ల తరబడి సభలో ప్రశ్నలు వేసింది. ఆ మందులు మా తెలుగు పొలాలకు కూడా బాగా తెలిసినవే కాబట్టి ఆ ప్రశ్నల విలువ నాకు తెలుసు. ఆమె ఆ సభలోకి వచ్చింది 1885 చట్టం వల్ల, దాని వెనుక 1404 డిసెంబరులో ఇసబెల్ రాయించిన వాక్యం వల్ల.

చట్టసభ తలచుకుంటే ఇలాంటి మార్పు చేయగలదని మా అనుభవం. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అప్పుడు కూడా కుటుంబాలు విచ్ఛిన్నమైపోతాయని భయపెట్టినవారున్నారు. మా అమ్మ తరానికి లేని హక్కు నా తరానికి వచ్చింది, పండగలకు పుట్టింటికి వెళ్లడం ఆగలేదు.

నేను కోరేది పెద్దది కాదు. స్కాట్లండ్ బిరుదుకు మూల సనదు దొరకనప్పుడు మగ సంతతికే ఇచ్చారన్న ఊహ చెల్లదని, దాని స్థానంలో స్త్రీపురుష భేదం లేని వారసత్వాన్ని ఊహించాలని ఒక చిన్న నిబంధన చాలు. ఇప్పుడు బిరుదు అనుభవిస్తున్న ఎవరినీ అది తొలగించనక్కరలేదు. రాచరికపు చట్టంలో చేసినట్టే ఫలానా తేదీ తరువాత పుట్టినవారికి వర్తింపజేయవచ్చు. సనదులో మగ సంతతికే అని స్పష్టంగా రాసి ఉన్న బిరుదుల సంగతి వేరే చర్చ, దానికి వేరే బిల్లు కావాలి. దాన్ని నేను ఈ లేఖలో కలపడం లేదు. వివాదాల విచారణ అధికారం లార్డ్స్ సభ నుంచి ప్రివీ కౌన్సిల్‌కు మారే ఈ సమయంలో, ఆ పీఠం ఏ సూత్రంతో మొదలుపెట్టాలో చెప్పవలసిన బాధ్యత మీదే. స్కాట్లండ్ నియోజకవర్గాల సభ్యులు ఈ నిబంధనను ప్రతిపాదించాలని, ఉభయ సభల్లో న్యాయశాస్త్రం తెలిసిన సభ్యులు 1875 నాటి నివేదికను, 1885 చట్టం పీఠికను పక్కపక్కన పెట్టుకొని చదవాలని ప్రార్థిస్తున్నాను. రెండూ మీ పార్లమెంటు గ్రంథాలయంలోనే ఉన్నాయి.

గౌరవంతో,
అబర్డీన్‌లో నివసిస్తున్న ఒక తెలుగు ఓటరు